కొండారెడ్డి బురుజు 16 పిక్సెళ్లలో పట్టాలంటే: డెస్క్‌టాప్ ఐకాన్లు మన ఇష్టానికి మార్చుకోవడం

కర్నూలులో గానీ, కడపలో గానీ, అనంతపురంలో గానీ ఏదైనా నెట్ సెంటర్‌లో కౌంటర్ ఇవతల నిలబడి ఆ కంప్యూటర్ తెర వైపు ఒకసారి చూడండి. అరవై డెబ్బై ఫోల్డర్లు, అన్నీ ఒకే పసుపు. కుల ధ్రువీకరణవి ఒకటి, 1బీ అడంగళ్‌వి ఒకటి, పాస్‌పోర్ట్ ఫోటోలవి ఒకటి, పెళ్లిపత్రికలవి ఒకటి. కూర్చున్న మనిషి ప్రతిసారీ పేర్లు చదువుకుంటూ వెతకాలి. వెనక లైను పెరుగుతూ ఉంటుంది. రోజూ తెరిచే పది పన్నెండు ఫోల్డర్లకు వేరే ఐకాన్లు పెట్టుకుంటే చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. పెద్ద పనేమీ కాదు. కానీ చేసుకున్నవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే "ఐకాన్లు పోయినాయి, తెల్ల కాగితాలు వచ్చినాయి" అంటారు. ఎందుకు పోతాయో తెలుసుకుంటే పోకుండా పెట్టుకోవచ్చు. ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11ల సంగతి.

ఐకాన్ మార్చినప్పుడు విండోస్ ఆ బొమ్మను తన దగ్గర దాచుకోదు. బొమ్మ ఏ డ్రైవులో, ఏ ఫోల్డర్‌లో, ఏ పేరుతో ఉందో ఆ అడ్రసు మాత్రం రాసుకుంటుంది. డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఫైలును ఐకాన్‌గా పెట్టి, నెల తర్వాత డౌన్‌లోడ్స్ ఖాళీ చేస్తే ఐకాన్ కూడా దాంతోపాటే పోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న బొమ్మను చూపిస్తే ఇంకా అన్యాయం. కాబట్టి అన్నిటికన్నా ముందు చేయాల్సింది డీ డ్రైవులో ఐకాన్స్ అని ఒక ఫోల్డర్ చేసి, బొమ్మలన్నీ అందులో వేసి, ఇక దాని జోలికి పోకపోవడం. సీ డ్రైవులో వద్దు. మన దగ్గర కంప్యూటర్ నెమ్మదిస్తే మొదటి వైద్యం సీ డ్రైవు ఫార్మాటే కదా. డీ డ్రైవులోని ఫోల్డర్లు తమ ఐకాన్ అడ్రసును తమలోనే ఉంచుకుంటాయి. కొత్త విండోస్ ఎక్కించాక డ్రైవు అక్షరం మారకపోతే ఐకాన్లు ఎక్కడివక్కడ ఉంటాయి.

మార్చే దారి వస్తువును బట్టి మారుతుంది. షార్ట్‌కట్ అయితే దాన్ని ఒకసారి క్లిక్ చేసి ఆల్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టండి. ప్రాపర్టీస్ తెరుచుకుంటుంది. షార్ట్‌కట్ ట్యాబ్‌లో చేంజ్ ఐకాన్, ఆ తర్వాత బ్రౌజ్. ఫోల్డర్ అయితే అదే ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ ట్యాబ్, అందులో అట్టడుగున చేంజ్ ఐకాన్. వెబ్‌సైట్ షార్ట్‌కట్‌కు వెబ్ డాక్యుమెంట్ ట్యాబ్‌లో ఉంటుంది. దిస్ పీసీ, రీసైకిల్ బిన్, నెట్‌వర్క్ లాంటి వాటికి మాత్రం సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, థీమ్స్, అక్కడ డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్. అదే పెట్టెలో థీమ్స్ ఐకాన్లను మార్చవచ్చు అనే టిక్ ఒకటి ఉంటుంది, తీసేయండి. లేకపోతే వాల్‌పేపర్ కోసం కొత్త థీమ్ పెట్టిన రోజు మీ ఐకాన్లు కూడా మారిపోవచ్చు. విండోస్ యాక్టివేట్ కాని మెషీన్లలో పర్సనలైజేషన్ పేజీ పనిచేయదు గానీ, షార్ట్‌కట్లకూ ఫోల్డర్లకూ ప్రాపర్టీస్ దారి తెరిచే ఉంటుంది.

విడి ఫైలుకు, అంటే ఒక్క వర్డ్ ఫైలుకో ఒక్క పీడీఎఫ్‌కో, వేరే ఐకాన్ పెట్టడం కుదరదు. ఆ రకం ఫైళ్లన్నిటికీ ఒకటే ఐకాన్. తప్పదనుకుంటే ఆ ఫైలుకు డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ చేసి, షార్ట్‌కట్ ఐకాన్ మార్చుకోవాలి.

బొమ్మ గీసే ఓపిక లేనివాళ్లకు విండోస్‌లోనే వందల ఐకాన్లున్నాయి. చేంజ్ ఐకాన్ పెట్టెలో షెల్32 డీఎల్ఎల్ అనే ఐకాన్ల ఫైలు కనిపిస్తుంది. దాని బదులు విండోస్ సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్న ఇమేజ్‌రెస్ డీఎల్ఎల్‌ను చూపించండి, ఇంకో పెద్ద గంప తెరుచుకుంటుంది. మోర్‌ఐకాన్స్ డీఎల్ఎల్‌లో డాస్ కాలం నాటి ప్రోగ్రాముల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి, సరదాకి చూడండి. ఇవి విండోస్ సొంత ఫైళ్లు కాబట్టి అడ్రసు చెడే ప్రసక్తే లేదు. నెట్ సెంటర్‌కు ఇవి చాలు అనే అంటాను. మన సొంత బొమ్మే కావాలి అనుకున్నవాళ్లే ముందుకు చదవండి.

ఐసీవో ఫైలు లోపల ఏముంటుంది

మన సొంత బొమ్మను చేంజ్ ఐకాన్ పెట్టె తీసుకోవాలంటే అది ఐసీవో రకం ఫైలై ఉండాలి. ఐసీవో అనేది ఒక బొమ్మ కాదు, కొన్ని బొమ్మల కట్ట. ఒకే గుర్తు 16, 24, 32, 48, 256 పిక్సెళ్ల కొలతల్లో విడివిడిగా గీసి ఒకే ఫైలులో పెడతారు. డెస్క్‌టాప్ మీద చిన్న ఐకాన్లు అంటే 32, మీడియం అంటే 48, పెద్దవి అంటే 96. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే ఇవే మారుతుంటాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వరుస జాబితాకు 16. తెర స్కేలింగ్ 125 శాతం ఉంటే 16 కాస్తా 20 అవుతుంది, 32 కాస్తా 40, 48 కాస్తా 60. 150 శాతంలో 24, 48, 72. కట్టలో సరిగ్గా ఆ కొలత లేకపోతే విండోస్ దగ్గర్లో ఉన్నదాన్ని సాగదీసో కుదించో చూపిస్తుంది. ఐకాన్ మసకగా ఉందంటే చాలాసార్లు కారణం ఇదే. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావరకు 125 లోనో 150 లోనో వస్తాయి కాబట్టి 20, 40, 60, 72, 96 కూడా కలిపితే మంచిది.

256 మించి పెట్టడానికి లేదు. ఆ ఫార్మాట్‌లో వెడల్పుకు కేటాయించింది ఒకే బైట్. అందులో 255 దాకే పడుతుంది, 256 అని చెప్పడానికి 0 రాస్తారు. 256 పిక్సెళ్ల బొమ్మ కుదించకుండా పెడితే ఒక్కటే 256 కేబీ తింటుంది, అందుకే దాన్ని ఒక్కదాన్ని పీఎన్‌జీ రూపంలో కుదించి పెడతారు. ఈ ఏర్పాటు విస్టా నుంచి ఉంది.

పీఎన్‌జీ ఫైలు పేరు చివర ఐసీవో అని మార్చేస్తే అయిపోతుందని ఒక చిట్కా తిరుగుతుంటుంది. పేరు మారింది గానీ లోపల సరుకు అదే. చేంజ్ ఐకాన్ పెట్టె "ఇందులో ఐకాన్లు లేవు" అని తిప్పి కొడుతుంది. జేపీజీ నుంచి చేస్తే ఇంకో తంటా: జేపీజీకి పారదర్శకత లేదు, గుర్తు చుట్టూ తెల్ల చతురస్రం వెంట వస్తుంది. పాత పెయింట్‌కూ ఇదే లోటు. విండోస్ 11 కొత్త పెయింట్‌లో పారదర్శకత వచ్చింది గానీ ఐసీవోగా సేవ్ చేయడం దానికి రాదు.

గీయడం

మొదట కాగితం మీద గీయండి. 1984 నాటి మెకింటాష్‌కు ఐకాన్లు గీసిన సుసాన్ కేర్ గళ్ల నోటుబుక్కులోనే మొదలుపెట్టింది, ఒక్కో గడి ఒక్కో పిక్సెల్. 32 అడ్డం, 32 నిలువు, నలుపు తెలుపు మాత్రమే. మనకు కాలేజీ గ్రాఫ్ పేపర్‌లోని మిల్లీమీటరు గళ్లు మరీ చిన్నవి. చిన్నపిల్లలు లెక్కలు రాసే గళ్ల పుస్తకం మేలు. 16 గళ్లకు 16 గళ్లు గీత కొట్టి పెన్సిల్‌తో నింపండి. 16లో గుర్తుపట్టేలా ఉన్న ఆకారం 256లో తప్పకుండా బాగుంటుంది. అటునుంచి ఇటు వస్తే మాత్రం చెప్పలేం.

కర్నూలు వాళ్లకు మొదట తట్టేది కొండారెడ్డి బురుజే. మంచి ఎంపిక. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, నీడలా నింపినా బురుజని తెలిసిపోతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. 16 సరిసంఖ్య. మధ్యలో నిలబడే ఆకారం వెడల్పు కూడా సరిసంఖ్యే ఉండాలి. అడుగు 12 గళ్లు, పైభాగం 6 గళ్లు పెడితే రెండు వైపులా సమానంగా మిగులుతుంది. పైన ఒక్క గడి వెడల్పుతో జెండా కర్ర పెడదామంటే సరిగ్గా నడుమ నిలబడదు, అరగడి పక్కకు జరుగుతుంది. కర్రను రెండు గళ్లు చేయండి, లేదా తీసేయండి. రాళ్ల మధ్య గీతలు 48 నుంచి పైకే గీయాలి, 32లో కూడా వద్దు.

లేపాక్షి బసవన్న, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా అనంతపురం వాళ్లు వదులుకోరు గానీ, ఐకాన్‌కు కష్టం. విగ్రహం సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఆ కొలత ప్రకారం 16 గళ్ల వెడల్పు మొత్తం ఇచ్చినా ఎత్తుకు దక్కేది 9 గళ్లే. పైనా కిందా ఖాళీ, మధ్యలో ఒక ముద్ద. తల ఒక్కటే తీసుకుని ఎత్తిన మెడ, మూపురం కనిపించేలా కత్తిరిస్తే దారికొస్తుంది. అదే బుడ్డ చూడండి, అదే వేరుశనక్కాయ: నడుము నొక్కిన రెండు గింజల కాయను మూల నుంచి మూలకు వాలుగా పెడితే చదరం నిండిపోతుంది, 16లో కూడా తికమక లేదు. అంగడి లెక్కల ఫోల్డర్‌కు ఇంతకన్నా మంచి గుర్తు ఏముంటుంది.

తెలుగు అక్షరాన్నే ఐకాన్‌గా పెట్టాలని చాలామందికి కోరిక. పెట్టండి, కానీ చూసి ఎంచుకోండి. మన అక్షరాలు గుండ్రం, తేడాలు చిన్న చిన్న గీతల్లో ఉంటాయి. ప, వ పక్కపక్కన 16 పిక్సెళ్లలో పెడితే వేరు చెప్పలేరు. మ, య కూడా అంతే. శ్రీ అయితే 48 కిందకు వస్తే క్రావడి మూసుకుపోయి నల్ల మచ్చ మిగులుతుంది. వత్తు లేని ఒంటి అక్షరం, బొద్దుగా, వెనక గట్టి రంగు. ర, జ, అ లాంటివి బతుకుతాయి. కర్నూలుకూ కడపకూ రెండిటికీ క పెట్టి తర్వాత తిట్టుకోవద్దు.

చుట్టూ ధర్మవరం చీర అంచులాగా బార్డర్ పెట్టడం డీటీపీ వాళ్లకు చెయ్యి అలవాటు. పత్రికకు అందం గానీ ఐకాన్‌కు అది దుమ్ము. 32 పిక్సెళ్లలో అంచుకు రెండు వైపులా రెండేసి పోతే గుర్తుకు మిగిలేది 28. అంచు బదులు ఆకారం చుట్టూ ఒక్క పిక్సెల్ ముదురు గీత ఇవ్వండి, ఏ వాల్‌పేపర్ మీదైనా తేలుతుంది. పది ఫోల్డర్లకు పది రంగులు కూడా వద్దు. రెవెన్యూ పనులకు ఒక రంగు, చదువులవి ఒక రంగు, ప్రింటింగ్ ఒక రంగు, లోపల ఆకారాలు వేరు. నాలుగు రంగులు దాటితే మళ్లీ పేర్లు చదువుకోవాల్సిందే.

బొమ్మలు గీసే, దిద్దే గింప్ అనే ప్రోగ్రాం ఉచితం, ఈ పనికి సరిపోతుంది. 256కు 256 కొత్త బొమ్మ, ఫిల్ విత్ దగ్గర ట్రాన్స్‌పరెన్సీ. గీయడం అయ్యాక ఆ లేయర్‌ను డూప్లికేట్ చేసి, లేయర్ మెనూలో స్కేల్ లేయర్‌తో 48 చేయండి. మళ్లీ డూప్లికేట్, 32. మళ్లీ, 16. ప్రతి లేయర్ ఒక్కో కొలత అవుతుంది. 16, 32 లేయర్లను తెర మీద 800 శాతం జూమ్ చేసి, పెన్సిల్ టూల్‌తో ఒక్కో చుక్కా దిద్దండి. బ్రష్ వాడొద్దు, అంచులు మసకబారుస్తుంది. పని మొత్తంలో విలువైన పది నిమిషాలు ఇవే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. తర్వాత ఎక్స్‌పోర్ట్ యాజ్, పేరు చివర ఐసీవో. వచ్చే పెట్టెలో అన్నిటికీ 32 బిట్ ఎంచుకుని, కంప్రెస్డ్ పీఎన్‌జీ టిక్ 256కు మాత్రమే పెట్టండి. ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండనివ్వండి. ఎందుకో కింద చెప్తాను.

మార్చినా పాతదే కనిపిస్తుంటే

విండోస్ ప్రతిసారీ ఐకాన్ ఫైలును తెరవదు. ఒకసారి చూసింది కాష్ అనే తాత్కాలిక నిల్వలో పెట్టుకుని అదే చూపిస్తుంది. అదే పేరుతో ఉన్న ఐసీవోను దిద్ది మళ్లీ సేవ్ చేస్తే పాత బొమ్మ మొండిగా కూర్చుంటుంది. తేలిక మార్గం, దిద్దిన ప్రతిసారీ పేరు చివర 2, 3 అని అంకె మార్చి మళ్లీ చూపించడం. కాష్ పాడై నల్ల చతురస్రాలో వేరేవాటి ఐకాన్లో వస్తుంటే మాత్రం దాన్ని తుడవాలి. రన్ పెట్టెలో లోకల్‌యాప్‌డేటా అని రెండు వైపులా పర్సెంట్ గుర్తుతో కొట్టి, మైక్రోసాఫ్ట్, విండోస్, ఎక్స్‌ప్లోరర్ లోపలికి పోతే ఐకాన్‌కాష్ అని మొదలయ్యే ఫైళ్లుంటాయి. ఎక్స్‌ప్లోరర్ నడుస్తుండగా అవి చెరగవు. టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎండ్ టాస్క్ చేసి, అక్కడే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వాటిని డిలీట్ చేసి, రన్ న్యూ టాస్క్‌లో ఎక్స్‌ప్లోరర్ అని కొట్టాలి. తెర ఖాళీ అయిపోయిందని భయపడి స్విచ్ నొక్కేయకండి.

రీసైకిల్ బిన్‌కు ఖాళీది, నిండినది అని రెండు ఐకాన్లు. సొంత బొమ్మలు పెట్టాక ఖాళీ చేసినా నిండినట్టే కనిపించడం పాత జబ్బు. రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట, హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, ఎక్స్‌ప్లోరర్, సీఎల్ఎస్ఐడీ కింద 645ఎఫ్ఎఫ్040తో మొదలయ్యేది తెరిస్తే డిఫాల్ట్‌ఐకాన్ ఉంటుంది. అందులోని మూడు విలువల్లోనూ ఐసీవో అడ్రసు చివర కామా, 0 చేర్చండి. ముట్టుకునే ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కొట్టి ఒక కాపీ దాచుకోవడం మరవద్దు.

పెన్‌డ్రైవ్‌లోకి ఐకాన్ కూడా పోవాలంటే

ఫోల్డర్ ఐకాన్ మార్చగానే దాని లోపల డెస్క్‌టాప్ ఐఎన్ఐ అనే దాచిన ఫైలు పుడుతుంది, ఫోల్డర్‌కు రీడ్ ఓన్లీ గుర్తు పడుతుంది. ఆ గుర్తు లోపలి ఫైళ్లను ఆపడానికి కాదు, "లోపల ఐఎన్ఐ ఉంది, చదువు" అని విండోస్‌కు చెప్పడానికి. ఐఎన్ఐలో ఐకాన్‌రిసోర్స్ అనే వరుసలో అడ్రసు ఉంటుంది. ఫోల్డర్‌ను ఇంకో కంప్యూటర్‌కు తీసుకుపోతే అక్కడ ఆ డీ డ్రైవు అడ్రసు ఉండదు, మామూలు పసుపు వచ్చేస్తుంది. దానికి మందు: ఐసీవో ఫైలును ఆ ఫోల్డర్ లోపలే వేసి, ఐఎన్ఐని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అడ్రసంతా చెరిపి ఫైలు పేరు, కామా, 0 మాత్రం ఉంచండి. ఇక ఎక్కడికి పోయినా వెంట వస్తుంది. ఆ వరుసలో తెలుగు అక్షరాలుంటే నోట్‌ప్యాడ్ మామూలుగా సేవ్ చేసే యూటీఎఫ్-8లో విండోస్ దాన్ని సరిగా చదవదు. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-16 ఎల్ఈ ఎంచుకోవాలి. ఐసీవో పేరు ఇంగ్లిష్‌లో పెట్టమన్నది ఈ గొడవ లేకుండా ఉండటానికే.

ఇక్కడే నెట్ సెంటర్లలో ఐకాన్లు గుంపుగా పోయే అసలు కారణం ఉంది. పెన్‌డ్రైవ్‌లో షార్ట్‌కట్ వైరస్ వచ్చి ఫోల్డర్లు మాయమైతే అందరూ కొట్టే కమాండ్ యాట్రిబ్, మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, స్లాష్ ఎస్, స్లాష్ డీ. అది దాగిన ఫోల్డర్లను బయటకు తెస్తుంది, నిజమే. దాంతోపాటు ప్రతి ఫోల్డర్ రీడ్ ఓన్లీ గుర్తునూ ఊడ్చేస్తుంది. ఐఎన్ఐ ఫైళ్లు బయటపడి తిరుగుతుంటాయి, ఐకాన్లు పోతాయి. చెత్త అనుకుని ఆ ఐఎన్ఐలను డిలీట్ చేయకండి. సొంత ఐకాన్ ఉన్న ఒక్కో ఫోల్డర్‌కూ యాట్రిబ్ ప్లస్ ఆర్ కొట్టండి, ఐఎన్ఐకి ప్లస్ హెచ్, ప్లస్ ఎస్ ఇవ్వండి. అన్నీ తిరిగొస్తాయి.

పెన్‌డ్రైవ్‌కే ఐకాన్ కావాలంటే అందులో ఆటోరన్ ఐఎన్ఎఫ్ ఫైలు పెట్టాలి. మొదటి వరుస చదరపు బ్రాకెట్లలో ఆటోరన్, రెండో వరుస ఐకాన్ ఈక్వల్‌టు ఐసీవో పేరు. పీకి మళ్లీ పెట్టాక కనిపిస్తుంది. కొన్ని యాంటీవైరస్‌లు ఆ ఫైలును చూడగానే తీసేస్తాయి, వాటితో వాదించి లాభం లేదు.

బాణం గుర్తు, పేర్ల ఇరుకు

షార్ట్‌కట్ మూల బాణం తీసేయాలని అడిగేవాళ్లు ఎక్కువ. రిజిస్ట్రీలో ఈజ్‌షార్ట్‌కట్ అనే విలువను చెరిపేయమనే సలహా పాటించకండి, స్టార్ట్ మెనూ పిన్‌లు, ఇంకొన్ని మెనూలు దెబ్బతింటాయి. షెల్ ఐకాన్స్ కింద 29 అనే విలువకు ఖాళీ ఐకాన్ చూపించే పద్ధతి ఉంది, ఆ ఖాళీ ఐకాన్ సరిగా లేకపోతే బాణం బదులు నల్ల పెట్టె పడుతుంది. నా మటుకు బాణం ఉండనివ్వడమే మేలు. నలుగురు కూర్చునే మెషీన్‌లో ఏది డిలీట్ చేస్తే పర్వాలేదో, ఏది చేస్తే అసలుకే మోసమో చెప్పేది అదొక్కటే.

ఐకాన్ కింద పేరు తెలుగులో పెట్టుకోవచ్చు, యూనికోడ్‌లో టైప్ చేస్తే నిర్మలా యూఐ ఫాంట్‌తో చక్కగా వస్తుంది. డీటీపీలో వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేసి అతికిస్తే మాత్రం ఇంగ్లిష్ అక్షరాల పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే అక్కడ ఫాంట్ మార్చే వీలు మనకు లేదు. ధ్రువీకరణపత్రాలు లాంటి పొడుగు మాటకు చోటు చాలక చివర చుక్కలు పడతాయి. చోటు పెంచాలంటే రిజిస్ట్రీలో హెచ్‌కీ కరెంట్ యూజర్, కంట్రోల్ ప్యానెల్, డెస్క్‌టాప్, విండోమెట్రిక్స్ కింద ఐకాన్‌స్పేసింగ్. మామూలుగా -1125 ఉంటుంది, అంటే 75 పిక్సెళ్లను -15తో హెచ్చించినది. 100 పిక్సెళ్లు కావాలంటే -1500. నిలువు ఎడానికి ఐకాన్‌వర్టికల్‌స్పేసింగ్, అదే లెక్క. సైన్ అవుట్ అయి మళ్లీ వస్తేనే మార్పు తెలుస్తుంది.

ఐకాన్ ప్యాక్‌లు డౌన్‌లోడ్ చేసేటప్పుడు జిప్ తెరిస్తే లోపల ఐసీవోలో పీఎన్‌జీలో ఉండాలి. ఈఎక్స్ఈ, అంటే ప్రోగ్రాం ఫైలు, ఇచ్చి "ఇన్‌స్టాల్ చేసుకో" అంటే వదిలేయండి. ఈఎక్స్ఈ తన ఐకాన్‌ను తనలోనే పెట్టుకుని వస్తుంది, అది ఏ బొమ్మైనా కావచ్చు. పీఎన్‌జీ బొమ్మలు తిన్నగా చేంజ్ ఐకాన్‌కు పనికిరావు, గింప్‌లో తెరిచి పైన చెప్పినట్టే ఐసీవో చేసుకోవాలి. కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో ఎర్ర పీడీఎఫ్ ఐకాన్‌తో ఉన్నది నిజంగా పీడీఎఫేనా అని తెలియాలంటే ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టుకోండి. పేరు మధ్యలో పీడీఎఫ్, చివర ఈఎక్స్ఈ ఉంటే తెరవకండి.

ఇక అమరిక. కరెంటు పోయి మెషీన్ ఒక్కసారిగా ఆగినా, ప్రొజెక్టర్ తగిలించి తెర కొలత మారినా ఐకాన్లన్నీ ఎడమ వైపుకు పోగుపడటం మామూలే. డెస్క్‌టాప్‌ఓకే అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఐకాన్లు ఎక్కడెక్కడున్నాయో రాసిపెట్టుకుని ఒక్క క్లిక్‌తో తిరిగి పేరుస్తుంది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి వ్యూలో ఆటో అరేంజ్ టిక్ తీసేశాకే దాన్ని వాడండి. ఆ టిక్ ఉంటే పేర్చిన మరుక్షణమే విండోస్ మళ్లీ వరుసలో నిలబెడుతుంది.